పని కనబడని గల్లీ

సూరత్ శివారు డిండోలిలోని ఆ గల్లీలోకి కొత్త మనిషి ఎవరైనా ఫైలు పట్టుకుని వస్తే, మొదటి ఇంటి దగ్గరే ఎవరో ఒకరు "సాబచ్చిండు!" అని కేక వేస్తారు. ఆ కేక చివరి ఇంటికి చేరేలోపు గల్లీలో పని అన్నది మాయమైపోతుంది. అరుగుల మీద పరిచిన ఖాట్లీలు, అంటే దుపట్టాను నాలుగు వైపులా లాగి బిగించే కొయ్య చట్రాలు, మంచాల కిందికి జారిపోతాయి. మెరుపు రాళ్లు బియ్యం డబ్బాలో దూరతాయి. గమ్ము కోన్లు దేవుడి పటం వెనక్కి వెళ్తాయి. దారపు ముక్కల సంగతి చీపురు చూసుకుంటుంది. ఫైలు మనిషి నడిచొచ్చేసరికి ఆడవాళ్లు చిక్కుడుకాయలు తుంచుకుంటూ, ఒకరి జడ ఒకరు అల్లుకుంటూ, వేరే పనేమీ ఎరగనట్టు కూర్చుని ఉంటారు.

ఈ విద్య ఆ గల్లీకి నేర్పింది భూదేవి.

జగిత్యాల వైపు పల్లె నుంచి పెళ్లి చేసుకుని వచ్చిన కొత్తలో ఆమెకు సూరత్‌లో తెలిసినవి రెండే: మొగుడు గణపతి మరమగ్గాలు నడిపే ఖటోదరా పేట, తాను వంట చేసుకునే ఒంటిగది. ఎదురింటి గుజరాతీ పెద్దావిడ అరుగు మీద కూర్చుని దుపట్టాలకు రాళ్లు అద్దుతుంటే ఈమె గుమ్మంలో నిలబడి చూసేది. ఒకరోజు ఆవిడ పిలిచి చేతికి కోన్ ఇచ్చింది. చిన్న గమ్ము చుక్క పెట్టి, తడి వేలికొనతో రాయి అద్ది, గోటితో నొక్కాలి. భూదేవి చేతికి ఆ పని ముగ్గు పెట్టినంత సులువుగా వచ్చేసింది. ఆమె వెనక, తమ వైపు నుంచే వచ్చిన మొదటి ఇంటి కోడలు మంగ, మంగ వెనక ఇంకొకరు, అలా గల్లీ అంతా నేర్చుకుంది.

నేర్చుకున్నాక తెలిసింది, ఇంట్లో పని చేస్తున్నట్టు కనబడటం మంచిది కాదని. ఖాట్లీ చూసి ఇంటివాడు ఇది ఇల్లా దుకాణమా అన్నాడు. కరెంటువాళ్లు మీటరు వైపు అనుమానంగా చూశారు. అప్పుడు భూదేవి కొంగు బిగించింది. దాచడం ఎలాగో ఒక్కొక్కరికీ చూపించింది. అసలే ఆమెకు ఇల్లు అద్దంలా ఉండాలి. ఇప్పుడా పిచ్చికి ఒక ప్రయోజనం కూడా దొరికింది.

గణపతికి మాత్రం ఈ దాపరికాలు పడవు. ఏళ్ల తరబడి సాంచాల, అంటే ఆ మరమగ్గాల చప్పుడులో మాట్లాడీ మాట్లాడీ ఆయనకు మెల్లగా మాట్లాడటం పోయింది. భార్య చెవిలో చెప్పే రహస్యం కూడా నాలుగిళ్ల అవతలికి వినబడుతుంది.

"ఏమే, నా చెప్పులు ఏడ దాసినవ్? అవిగిట ఖాట్లీలనుకున్నవా?" అని పొద్దున్నే అరిచేవాడు.

"జర మెల్లగ అనరాదయ్యా! చెప్పులు నీ కాళ్లకే ఉన్నయ్!" అని గల్లీలోంచి మంగే జవాబిచ్చేది.

ఆ ఏడాది వానలు ముగిశాక వార్డు ఆఫీసు ఆటో మైకుతో తిరిగింది. ఈ పాత ఒంటిగదుల వరసలు తీసేసి, ఇక్కడే కొత్త అపార్ట్‌మెంట్లు కడతారట. కట్టేముందు ఇల్లు ఎలా ఉండాలో జనాన్నే అడుగుతారట. అధికారులు వచ్చి ఇళ్లు చూసి ప్లాను గీస్తారు, తర్వాత అందరినీ కూర్చోబెట్టి మాట్లాడి ఖాయం చేస్తారు.

"మనల అడుగుతరటనే!" గణపతి అన్నం తింటూ అరిచాడు. "నా మంచం కింద ఖాట్లీలు లేని ఇల్లు గావాల్నని రాసుకోమను!"

అదే వారం హరిణి ఇంకో కబురు తెచ్చింది. ఇళ్లలో పని చేసుకునే ఆడవాళ్లకు సాయపడే ఒక సంస్థలో ఉద్యోగం ఆ అమ్మాయికి. వాళ్ల నాన్న హజీరాలో పెద్ద ఇంజనీరు, గోదావరి వైపు వాళ్లు. హరిణి 'అండీ' లేకుండా మాట పూర్తి చేయదు. ఆ 'అండీ' కోసమే గల్లీలో అందరూ ఆమెను పలకరించి మాట్లాడించేవారు.

"విదేశంలో ఒక దుకాణం ఉందండీ," అని ఆమె అరుగు మీద కూర్చుని చెప్పింది. "వాళ్లకు చేతిపని దుపట్టాలు కావాలి. మధ్యలో ఏజెంటు ఉండడు. కూలీ నేరుగా మీకే, పని చేసినవాళ్ల పేరుతో సహా. అయితే వాళ్లది ఒక షరతండీ. మూసిన గదిలో గమ్ము వాసన పీలుస్తూ ఒంటరిగా చేయకూడదు. వెలుతురూ గాలీ ఉన్న చోట అందరూ కలిసి కూర్చుని చేయాలి."

"ఇప్పుడు అరుగుల మీద చేస్తలేమా?" అంది మంగ.

"రేపు అపార్ట్‌మెంట్లు వస్తే అరుగులు ఉండవు కదండీ. అందుకే కింద అంతస్తులో ఒక హాలు అడగాలి. ప్లాను గీసేవాళ్లు ఇళ్లు చూడటానికి వస్తున్నారు. గల్లీ అంతా ఈ పని మీదే బతుకుతోందని వాళ్లకు తెలిస్తే హాలు ఇస్తారు. మీరేమీ చేయక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు చూపించండి, చాలు."

ఆ మాట భూదేవి మనసులో పడింది. నాలుగో అంతస్తులో ఒక్కతే తలుపేసుకుని రాళ్లు అద్దడం ఊహించుకుంటే ఊపిరాడనట్టయింది. ఈ పని నేర్చుకున్నప్పటి నుంచి ఆమె మాటా పాటా పోట్లాటా అన్నీ ఆ అరుగు మీదే. పైగా ఆ ఖాట్లీ ఇరుకు మెట్ల మలుపులు ఎలా ఎక్కుతుంది? హాలు రావాలి. ఎలాగైనా రావాలి.

అధికారి వచ్చే రోజు తెల్లవారగానే మంగ అడిగింది. "అక్కా, ఖాట్లీలు బయటనే ఉంచుదామా మరి? హరిణి గట్లనే అన్నది గదా?"

"నీకేమన్న పిచ్చి లేసిందా? ఆ పిల్ల మంచిది కాబట్టి మర్యాదకు గట్లన్నది. చూసెటందుకు అచ్చెటోళ్లకు ఎవలన్న ఉన్నది ఉన్నట్టు చూపెడ్తరా? ఇంటినిండ గమ్ము పూసుకున్నోళ్లకు కొత్త హాలు ఎవడిస్తడే? 'దీన్ని గూడ ఖరాబు జేస్తరు వీళ్లు' అంటడు. సాఫ్‌గ ఉంటేనే ఇస్తడు."

మంగకు ఆ మాట సబబుగానే తోచింది. గల్లీలో అందరికీ తోచింది. గడపలు కడిగారు. ముగ్గులు పెట్టారు. ఒక్క రాయి, ఒక్క పోగు ఎక్కడా కనబడకుండా ఎత్తేశారు. భూదేవి సర్వపిండి కాల్చింది.

వచ్చిన ఇంజనీరు పేరు రవీంద్ర. మెల్లగా మాట్లాడే గుజరాతీ మనిషి. నడుముకు కొలత టేపు వేలాడుతోంది. ఇల్లిల్లూ తిరిగి చూశాడు. భూదేవి ఇంట్లో మంచం మీద కూర్చుని సర్వపిండి ఒక ముక్క తిని, అడిగి ఇంకో ముక్క వేయించుకున్నాడు.

"ఇక్కడ ఆడవాళ్లు ఏమైనా పని చేస్తారా, బెన్?" అని హిందీలో అడిగాడు. బెన్ అంటే అక్కడ అక్కా అన్నట్టే.

ఎదురుగా పెద్ద అధికారి కూర్చుని అడుగుతుంటే భూదేవికి తమ గొప్ప తామే చెప్పుకోవడానికి నోరు రాలేదు. సిగ్గుగా నవ్వి, "థోడా థోడా సాబ్. ఖాళీగ ఉన్నప్పుడు," అంది.

అతను నాలుగు మూలలా చూశాడు. "బహుత్ సాఫ్ హై, బెన్," అని మెచ్చుకుని వెళ్లిపోయాడు. ఆ మెప్పును భూదేవి సాయంత్రం దాకా గల్లీ అంతటా పంచింది. కామ్‌రేజ్‌లో ఇంకో గుంపును చూసుకోవడానికి వెళ్లిన హరిణికి ఫోన్ చేసి మరీ చెప్పింది. "నువ్వు రంది వెట్టుకోకు బిడ్డా. హాలు మనదే."

కొన్నాళ్లకు వార్డు ఆఫీసు గోడ మీద ప్లాను అంటించారు. హరిణి చూసి నేరుగా గల్లీకి వచ్చింది. ముఖం చిన్నబోయి ఉంది.

"భూదేవిగారూ, హాలు లేదండీ. కిందంతా బండ్లు పెట్టుకునే చోటు. నేను ఇంజనీరుగారిని అడిగాను. ఆ గల్లీలో పెద్దగా పనేమీ లేదు, ఒక్క ఖాట్లీ కూడా నా కంటబడలేదు అన్నారు." ఆమె అయోమయంగా చుట్టూ చూసింది. చుట్టూ ప్రతి అరుగు మీదా ఒక ఖాట్లీ ఉంది. "ఎలా కంటబడలేదండీ?"

మంగ అత్త సమ్మక్క నోరు ఆగలేదు. మొదటి ఇంటి అరుగు మీద నుంచే అందుకుంది.

"ఎట్ల కనవడ్తయి బిడ్డా? పెండ్లిచూపులకు అచ్చినోళ్లకు ఇల్లంత చూపెట్టి పిల్లను అటక మీద దాసినం మేము!"

నవ్వు మొదలైంది కానీ ఎక్కువసేపు నిలవలేదు. "నీ చీపురు మా కొంప ముంచిందక్కా," అంది మంగ. "సాఫ్‌గ ఉంటె ఇస్తడంటివి. సాఫ్‌గ బండ్లకు ఇచ్చిండు."

భూదేవికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. హాలు లేకపోతే ఆ దుకాణం పనీ రాదు, అందరూ కలిసి కూర్చునే చోటూ ఉండదు. దానికి కారణం తానే. ఆ పూట వంటలో ఉప్పు మరిచిపోయింది. గణపతి ముద్ద నోట్లో పెట్టుకుని ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి, ఏమీ అనకుండా తినేశాడు. ఆయన నోరు మెదపకపోవడం చూసి పక్కింటివాళ్లు ఏమైందోనని తొంగిచూశారు.

మర్నాడు పొద్దున భూదేవి హరిణిని వెంటబెట్టుకుని వార్డు ఆఫీసుకు, రవీంద్ర దగ్గరికి వెళ్లింది.

"తప్పు నాదే సాబ్," అంది తన మూడు భాషలూ కలిపి. "మీకు నేను అబద్ధం చెప్పలె. దాసిన, గంతే. మేము థోడా థోడా చేసెటోళ్లం గాదు. పొద్దుగూకేదాక అదే పని. ఒక్కపారి మల్ల రండ్రి, చూపెడ్త."

రవీంద్ర కుర్చీలో వెనక్కి వాలాడు. "బెన్, ఇప్పుడు నేను ఫలానా రోజు వస్తానని చెబితే డిండోలిలో ఉన్న ఖాట్లీలన్నీ మీ గల్లీలోనే ఉంటాయి. మొన్న ఒకచోట పశువులకు కొట్టం కావాలని అడిగారు. తీరా వెళితే ఎక్కడివో మేకల్ని ఆటోలో తెచ్చి కట్టారు. ఆ మేకలకు వాళ్లెవరో కూడా తెలియదు." హరిణికి నవ్వు ఆగలేదు. "వస్తాను. ప్లాను ఖాయం చేసే సభ జరిగేలోపు తప్పకుండా వస్తాను. కానీ ఎప్పుడన్నది చెప్పను."

దానితో భూదేవికి అసలు కష్టం మొదలైంది. ఇంజనీరు ఎప్పుడొచ్చినా పని కనబడాలి. కాబట్టి గల్లీలో ఎవరూ ఏదీ సర్దకూడదు. ఆ హుకుం జారీ చేసిందీ తనే, పాటించలేక నలిగిపోయిందీ తనే. దారపు ముక్కలు ఉండలు ఉండలుగా గాలికి దొర్లుతుంటే వాటిని దాటుకుంటూ నడిచేది. చేయి దానంతటదే చీపురు వైపు పోయేది. మంగ దూరం నుంచే "అక్కా!" అని గద్దించేది.

ఈ మధ్యలోనే కామ్‌రేజ్ నుంచి ఆడబిడ్డ వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పబోయి, లోపల నేల మీద రాళ్లు, గమ్ము మరకలు, మూలన విప్పి పడేసిన దుపట్టాల మూట చూసి, మళ్లీ చెప్పులు తొడుక్కుంది.

"వదినె, పానం గిట బాగలేదా? అన్న ఏమన్న అన్నడా?"

"బాగనే ఉన్న వదినె. గిది సర్కారు పని," అంది భూదేవి.

ఆడబిడ్డ నమ్మలేదు. గిన్నెలు తోమబోతే భూదేవి చేయి పట్టుకుని ఆపింది. ఆ సాయంత్రం ఆవిడ అన్నకు ఫోన్ చేసి, వదినెను మంచి డాక్టరుకు చూపించమని చెప్పినట్టు తర్వాత తెలిసింది.

ఒకరోజు పొద్దెక్కాక, అందరూ మాటల్లో పడి పని చేసుకుంటూ ఉండగా గల్లీ మొగలో స్కూటరు ఆగింది. దిగిన మనిషి చంకలో ఫైలు ఉంది. మొదటి ఇంటి అరుగు మీద కునుకు తీస్తున్న సమ్మక్క కళ్లు తెరిచింది. ఫైలు కనబడింది. అంతే.

"సాబచ్చిండు!"

ఎన్నో ఏళ్ల అలవాటు అది. ఆ కేక చెవిన పడగానే ఎవరి బుర్రా పనిచేయలేదు, చేతులే పనిచేశాయి. ఖాట్లీలు లేచాయి. కోన్లు పటాల వెనక్కి పరుగెత్తాయి. భూదేవి కూడా తన ఖాట్లీని మంచం కిందికి తోసేసి, దుప్పటి దించి, రాళ్ల పళ్లెం బియ్యం డబ్బాలో వంచుతుండగా ఒక్కసారిగా చేయి ఆగింది.

"అయ్యో, నా బుద్ధి గాలిపోను!"

పళ్లెంతోనే బయటికి ఉరికింది. ఆమె వెనక రాళ్లు టపటపా రాలుతున్నాయి.

"సర్దకుండ్రి! ఎవ్వలు సర్దకుండ్రి! తియ్యుండ్రి బయటికి!"

సగం మంది విన్నారు, సగం మంది వినలేదు. విన్నవాళ్లు ఖాట్లీలు బయటికి లాగుతుంటే, విననివాళ్లు లోపలికి తోస్తున్నారు. మంగ ఇంటి గుమ్మంలో ఒక ఖాట్లీ అడ్డంగా ఇరుక్కుపోయింది. బయట నుంచి మంగ లాగుతోంది, లోపలి నుంచి తోడికోడలు లాగుతోంది. ఎవరో రెండుసార్లు ఊడ్చిన చోటనే మళ్లీ దారాలు చల్లుతున్నారు. ఈ గలాటా నడుమ, ఫైలు గుండెలకు ఆనించుకుని, దారి దొరకక రవీంద్ర నిలబడిపోయి ఉన్నాడు.

భూదేవి అతని ముందుకొచ్చి ఆగింది. రొప్పుతూ, "సాబ్, జర సునో. గియ్యి కిరాయికి తెచ్చినయి గావు సాబ్..." అంది. ఇన్నాళ్లు చెత్తలో బతికి, తీరా మనిషి వచ్చేసరికి మళ్లీ దాచేశారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

రవీంద్ర మాత్రం ఆమెను చూడటం లేదు. గుమ్మంలో ఇరుక్కున్న ఖాట్లీని చూస్తున్నాడు. ఎదురింటి మంచం కిందినుంచి పొడుచుకొచ్చిన కొయ్యకాళ్లను చూస్తున్నాడు. అతని భుజాలు కదిలాయి. తర్వాత పెద్దగానే నవ్వేశాడు.

"నేను సర్వపిండి తిన్న రోజు కూడా ఇవన్నీ ఇలాగే...?"

"మీరు కూసున్న మంచం కిందనే ఉండె సాబ్, రెండు."

"కిరాయికి తెచ్చినవాళ్లు నేను రాగానే ముందుకు తెచ్చి చూపిస్తారు, బెన్. ఇలా ప్రాణం మీదికి వచ్చినట్టు ఎవరూ దాచరు." కళ్లు తుడుచుకుని టేపు విప్పాడు. "దాచినవన్నీ బయటికి తీయించండి. కొలుస్తాను."

ఆ మధ్యాహ్నం గల్లీలో ఖాట్లీలన్నీ వరసగా ఎండలో పరిచారు. ఇన్ని ఉన్నాయని వాళ్లకే తెలియదు. ఎవరి ఖాట్లీని వాళ్లు దాచుకోవడమే తప్ప, అన్నిటినీ ఒకచోట ఏనాడూ చూసుకోలేదు.

సభ ఆదివారం జరిగింది. రవీంద్ర కొత్త ప్లాను గోడకు తగిలించి, కింద అంతస్తులో తూర్పు వైపు హాలు పెట్టవచ్చనీ, అయితే బండ్లు వెనకాల రేకుల కిందికి పోవాలనీ చెప్పాడు. చోటు ఒక్కటే, ఏది కావాలో మీరే తేల్చుకోండి అన్నాడు. మగవాళ్లలో గుసగుసలు మొదలయ్యాయి. కొందరికి బండి అంటే పెళ్లాం కంటే ముద్దు. వెనక రేకుల కింద జల్లు కొడుతుందని ఒకరు, దొంగతనాలు జరుగుతాయని ఒకరు. భూదేవి పిడికిలి బిగించి కూర్చుంది. ఈ అవకాశం కూడా చేజారితే ఇంక అడిగే దిక్కు ఉండదు.

గణపతి లేచాడు. మైకు ఇవ్వబోతే అక్కర్లేదని చేయి ఊపాడు.

"బండి తడిస్తె తుడుసుకుంటం! దుపట్టా తడిస్తె ఎవలు కొంటరు? నా బండి ఎనుకనే ఉంటది, నాకేం బాధ లేదు. మీ ఇంట్ల ఆడోళ్లు ఆ రాళ్లు అద్దే కదరా మీ బండ్ల కిస్తీలు గట్టింది? అవునా గాదా చెప్పుండ్రి!"

వెనక వరసలో ఒక చేయి లేచింది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియకుండా చేతులన్నీ లేచాయి. రవీంద్ర ప్లాను మీద హాలు చుట్టూ ఎర్ర గీత గీశాడు. హరిణి ఫోన్ తీసి దాని ఫోటో పట్టింది. దుకాణంవాళ్లకు ఇది చాలట. హాలు లేచేదాకా తమ సంస్థ పైగదిలో కూర్చుని మొదటి దుపట్టాలు చేసి ఇవ్వవచ్చని ఆమె చెబుతుంటే భూదేవికి సగమే వినబడింది. గీసిన ఆ గీత వైపే చూస్తోంది.

"హాలులో ఇంకేం కావాలి?" అని రవీంద్ర అడిగాడు.

ఆడవాళ్లు ఒక్కసారిగా లేచారు. ఫ్యాన్లన్నారు, ట్యూబులైట్లన్నారు, చేతులు కడుక్కోవడానికి నల్లా అన్నారు. గోడకు అల్మారాలు కావాలంది మంగ.

"అల్మారాలు అద్దు సాబ్!" భూదేవి గట్టిగా అంది. "దాసెటందుకు జాగ దొరికితె మేము మనుషులం గాము. అంత బయటనే ఉండాలె. ఎవలచ్చినా కనవడాలె."

"మరి సామాను ఏడ పెట్టాలక్కా, నీ నెత్తి మీదనా?" మంగ తగులుకుంది. "పిల్లి అస్తది, ఎలుక అస్తది. నీ మొక్కు కోసం మా దుపట్టాలు కొరికియ్యాల్నా?"

ఇద్దరూ అందరి ముందూ వాదులాడుకున్నారు. అల్మారా కావాలన్నవాళ్లు చేతులెత్తమని రవీంద్ర అడిగితే గల్లీ మొత్తం చేతులెత్తింది. వద్దన్నవాళ్లు అంటే భూదేవి చేయి ఒక్కటే లేచింది. పక్కకు చూసింది. గణపతి కూడా అల్మారా వైపే ఎత్తి, ఆమె చూపు తగలగానే గబుక్కున దించేశాడు.

"రాసుకోండ్రి సాబ్, అల్మారాలు," అంది మంగ. "తాళం గూడ రాసుకోండ్రి. గని తాళపుచెవి మాత్రం మా అక్క చేతికి ఇయ్యకుండ్రి."

సభంతా పగలబడి నవ్వింది. అందరికంటే ఎక్కువగా నవ్వింది భూదేవే. నవ్వుతూనే లేచి నిలబడి, చిన్నగా అడిగింది.

"చెవి ఇయ్యకుంటె ఇయ్యకపోతిరి. ఊడ్సుడు మాత్రం నాకే రాయుండ్రి సాబ్. అది ఇంకొకల చేతుల పెడ్తె నాకు నిదుర పట్టది."